ఓర్పు సమ్మతి యగునా?

స్త్రీవైద్యమునకు పితామహుడని ప్రసిద్ధి కెక్కిన అమెరికా శస్త్రవైద్యుడు జె. మేరియన్ సిమ్స్ 1883లో మరణించెను. ఆయన వ్రాసియుంచిన స్వీయచరిత్ర ‘నా జీవితకథ’ మరుసటి యేట అచ్చుపడెను. వచనము హాయిగ నడచును. తన భయములను, పొరపాటులను దాచక చెప్పుటచే గ్రంథకర్తయెడ చదువరికి చనువు కలుగును. ఆ చనువే మాకు అనుమానము గలిగించినది. శస్త్రవిద్యలోని గుణదోషములు తేల్చుటకు మేము వైద్యులము గాము. గ్రంథమును గ్రంథముగనే పరీక్షింతుము.

అలబామా రాష్ట్రమునందలి మాంట్‌గోమరీ నగరమున 1845 మొదలు 1849 వఱకు జరిగిన వృత్తాంతము దీనికి ఆయువుపట్టు. ప్రసవమున బిడ్డ తల దినములకొలది దారిలో నిలిచిపోయినచో, ఆ యొత్తిడికి రక్తప్రసారము తగ్గి కండ చెడిపోవును. మూత్రాశయమునకును యోనిమార్గమునకును నడుమ రంధ్రమేర్పడి, మూత్రము రేయింబవళ్లు కారుచుండును. ఆ దురవస్థ పాలైన స్త్రీ నలుగురిలో కూర్చుండ నోచుకొనదు. అప్పటికి దానికి నమ్మదగిన చికిత్స లేదు. సిమ్స్ తన పెరటిలో చిన్న ఆసుపత్రి కట్టించి, అట్టి బానిస స్త్రీలను చేర్చుకొని శస్త్రములు చేసెను. యజమానులతో చేసికొన్న యొడంబడికను తానే చెప్పుచున్నాడు: ప్రాణాపాయకరమైన ప్రయోగము చేయననియు, పోషణవ్యయము తనదే యనియు, వారిపై పన్నును, బట్టలకగు ఖర్చును యజమానులు భరింపవలెననియు. ఒకవైపు వైద్యుడు, ఒకవైపు యజమానుడు. ఎవరి దేహమును గూర్చి బేరము జరిగినదో వారికి ఆ బేరమున పాలు లేదు.

వారిలో ముగ్గురి పేర్లు మనకు దక్కినవి: లూసీ, బెట్సీ, అనార్కా. అనార్కాకు సుమారు 30 మారులు శస్త్రము జరిగెను. కడకు 1849లో వెండితీగెతో వేసిన కుట్లు నిలిచెను.

లూసీ ఘట్టమును మేము రెండుమార్లు చదివితిమి. మత్తుమందు లేదు. పండ్రెండుగురు వైద్యులు చూచుచుండగా ఆమె మోకాళ్లపై ఒరిగి, గంటసేపు శస్త్రమునకు లోబడియుండెను. పిమ్మట మూత్రము తీయుటకై పెట్టిన స్పంజి వలన విషజ్వరము వచ్చి చావుకు దాపయ్యెను. కోలుకొనుటకు రెండు మూడు మాసములు పట్టెను. గ్రంథకర్త ఆమె ధైర్యమును మెచ్చుకొనుచున్నాడు. మా యాక్షేపణ యిచటనే. వీరరసమునకు స్థాయి ఉత్సాహమని మన యాలంకారికులు చెప్పిరి. ఆ బల్ల దిగిపోవుటకు స్వాతంత్ర్యము లేనిదానికి ఉత్సాహమెక్కడిది? కరుణము, బీభత్సము తలయెత్తవలసిన చోట వీరమును ప్రతిష్ఠించి, గ్రంథకర్త తన్ను తాను కాపాడుకొన్నాడు.

అది మత్తుమందులు లేని కాలమని ఆయన వాదము. తొలి శస్త్రములకిది నిజమే. కాని 1846 అక్టోబరున బోస్టను నగరమున ఈథరు ప్రభావము బహిరంగముగ చూపబడినది. మాంట్‌గోమరీ శస్త్రములు మఱి మూడేండ్లు సాగినవి. క్రొత్త మందునకు జంకిన వైద్యులు పెక్కురుండిరి గనుక దీనినొక్కదానినే పట్టుకొని నిందింపజాలము. అయితే 1857లో న్యూయార్కున ఉపన్యసించుచు, ఈ శస్త్రములందలి నొప్పి మత్తుమందు శ్రమకు తగినంతది కాదని ఆయనయే చెప్పెను. నొప్పి స్వల్పమైనచో లూసీ ధైర్యమునకు మెప్పేల? ధైర్యము నిజమైనచో నొప్పి స్వల్పమెట్లు?

మఱల మఱల శస్త్రము చేయుమని ఆ స్త్రీలే కోరిరని గ్రంథము చెప్పును. అట్టి వ్యాధి మానవలెనని కోరనివారెవరు? ఆ కోరిక సత్యమే కావచ్చును. కాదనుటకు వీలులేనివారి అవునును సమ్మతి యందుమా? మన భాషయందును స్త్రీని భూదేవితో పోల్చి ఓర్పును పొగడుదుము. మేమును పాఠశాలలో ఈ పోలికను ఎన్నియో యేండ్లు బోధించితిమి. భూమిని అడిగి దున్నువాడెవ్వడని ఏ బాలికయు మమ్మడుగలేదు, మాకును తోచలేదు.

దేహము కేవలవస్తువు గాదనియు, అది మానవునికి లోకమునందలి పరిస్థితి యనియు 1949లో సిమోన్ ద బోవా ‘రెండవ లింగము’ అను గ్రంథమున వాదించెను. గర్భిణి తన దేహమును లోపలినుండి ఎఱుగుననియు, వైద్యుని పనిముట్లు ఆ యెఱుకను చిన్నచేయుననియు ఐరిస్ మేరియన్ యంగ్ 1984 నాటి వ్యాసమున చెప్పెను. యంగ్ తలచిన గర్భిణి ఇష్టపడి తల్లియగుచున్నది. లూసీకి ఆమె చాల దూరము. ఐనను ఆ దృష్టి ఇచట పనికివచ్చును. బెట్సీని పరీక్షించునపుడు చెంచా కాడను వంచి చూచి, ఏ పురుషుడును చూడనిదెల్ల తాను చూచితినని సిమ్స్ ఉప్పొంగెను. చూపు ఆయనదే. తెలివి బెట్సీకి మునుపే యున్నది, తడి వీడని బట్టలలో.

సిమ్స్ విగ్రహమును 2018లో న్యూయార్కు సెంట్రల్ పార్కునుండి తొలగించిరి. 2021లో మిషెల్ బ్రౌడర్ అను శిల్పిని మాంట్‌గోమరీ నగరమున ఆ ముగ్గురు స్త్రీల ప్రతిమలను నిలిపెను. విగ్రహము పోయినదని గ్రంథమును చదువుట మానరాదు. పరాజయములు చూచి సాటివైద్యులు విసిగి తొలగిపోగా, ఆ స్త్రీలే ఒకరి శస్త్రమునకు ఒకరు తోడుపడిరని అందే యున్నది. డియర్డ్రే కూపర్ ఓవెన్స్ 2017 నాటి తన చరిత్రగ్రంథమున వారిని రోగులనియే గాక పరిచారికలనియు గుర్తించినది. రేపు తాను పడుకొనబోవు బల్లపై నేడు తోటిదాని చేతులు పట్టి నిలిచిన స్త్రీకి రక్తమాపుట, పట్టకారు అందించుట యెట్లు తెలిసెనో, రాత్రి ఇద్దరును ఏమి మాటలాడుకొనిరో సిమ్స్ అడుగలేదు. ఆ సంగతిని కొన్ని మాటలలో దాటి, ఆయన వెండితీగె ప్రస్తావనకు వచ్చుచున్నాడు.