డబ్బా మీది ఆంపియర్లు

ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని మిగ్ వెల్డింగ్ మిషన్ కొనబోయేవారు ముందుగా అడిగేది ‘ఎన్ని ఆంపియర్లు?’ అని. అమ్మేవారూ 200, 250 అంటూ అంకె పెంచుకుంటూ పోతారు. ముందు అడగాల్సింది మాత్రం అతికించబోయే ఇనుము మందం ఎంతని. బల్లలు, అరలు, మొక్కల స్టాండ్లు, కిటికీ ఫ్రేములు... ఇంటి పనుల్లో ఎక్కువగా వాడేది 18 గేజ్ లేదా 16 గేజ్ చదరపు పైపు. అంటే 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లన్నది వెల్డర్ల ముతక లెక్క. అలా చూస్తే ఈ పైపులకు 50, 60 ఆంపియర్లు చాలు, 3 మి.మీ. యాంగిల్‌కైనా 120 సరిపోతాయి. ఇక 200 ఆంపియర్ల మాటకొస్తే, ఆ స్థాయిలో ఆర్క్‌కు సుమారు 24 వోల్టులు కావాలి. రెండూ గుణిస్తే 4,800 వాట్లు. మన ఇళ్లలోని 16 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగింది 3,680. మిషన్ లోపల పోయే నష్టాన్ని పక్కన పెట్టినా లెక్క కుదరదు. డబ్బా మీది అంకెకు డబ్బు కట్టి, దాన్ని ఇంట్లో ఎప్పటికీ వాడుకోలేమన్నమాట. దానికన్నా డ్యూటీ సైకిల్ చూడటం మేలు. 20 శాతం అని ఉంటే పది నిమిషాల్లో రెండు నిమిషాలే వెల్డింగ్, మిగతా ఎనిమిదీ విశ్రాంతి. అంతర్జాతీయ ప్రమాణంలో ఈ కొలత 40 డిగ్రీల వాతావరణానికి కట్టింది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల షెడ్డు కింద అది ఇంకా తగ్గుతుంది.

మందం దగ్గరే మొదలుపెట్టడానికి అసలు కారణం మిగ్ పనిచేసే తీరులో ఉంది. ఈ పద్ధతి 1940ల చివర అమెరికాలో ప్రధానంగా అల్యూమినియం కోసం రూపుదిద్దుకుంది. 1950ల్లో కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో ఉక్కుకు చౌక పడింది. ఆ దశాబ్దం చివరికి సన్న వైరుతో షార్ట్ ఆర్క్ వచ్చాక పలుచని రేకులకు అందింది. ఇంటి మిషన్లు చేసేది ఈ షార్ట్ ఆర్కే. వైరు కరిగిన మడుగును సెకనుకు పదులసార్లు తాకి, తాకిన ప్రతిసారీ ఒక చుక్క వదిలి తెగుతుంది. వేడి తక్కువ కాబట్టి పలుచని పైపుకు బొక్క పడదు. ఆ తక్కువ వేడే మందపు ఇనుము మీద మోసం చేస్తుంది. పైకి నున్నగా, వరుసగా వచ్చిన అతుకు అడుగున ఇనుమును పట్టుకోకుండా ఊరికే దాని మీద కూర్చుని ఉండొచ్చు. రాడ్ వెల్డింగ్‌లో చేయి తిరగనివాడి పని చూడగానే తెలిసిపోతుంది. మిగ్‌లో అంత తేలిగ్గా దొరకదు. తేలిగ్గా నేర్చుకోవచ్చన్న మాటలోని చిక్కు ఇదే.

ఊళ్లో గేట్లు, గ్రిల్స్ చేసే షాపులన్నీ రాడ్డుతోనే నడుస్తుంటే ఇంటికి మిగ్ ఎందుకని అడగొచ్చు. ప్రశ్న సబబే. రాడ్ మిషన్ చౌక, సిలిండర్ గొడవ లేదు, గాలికీ కొద్దిపాటి తుప్పుకూ ఓర్చుకుంటుంది. కానీ 2.5 మి.మీ. రాడ్డు నిలకడగా మండాలంటే 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. 18 గేజ్ పైపు అంత వేడిని తట్టుకోలేదు. అనుభవమున్న వెల్డర్ చుక్కచుక్కగా ఆపి ఆపి వేస్తూ నెట్టుకొస్తాడు. ఆదివారం మాత్రమే టార్చి పట్టేవారికి ఆ చేతివాటం రావడం కష్టం. మిగ్‌లో కరెంటును నడిపేది వైరు వేగం, ఆర్క్ పొడవును చూసుకునేది వోల్టేజీ. ఈ రెండు నాబ్‌లూ కుదిరితే 0.8 మి.మీ. వైరు ఆ పైపు మీద తీరుగా సాగుతుంది.

సిలిండర్ ఖర్చు తప్పించుకోవాలని గ్యాస్ లేని ఫ్లక్స్ వైరు వైపు మొగ్గేవారున్నారు. ఆరుబయట పనికి అది మంచిదే. అయితే పొగ, చిటపటలు ఎక్కువ, స్లాగు కొట్టుకోవాలి. పైగా ఈ వైరుకు సాధారణంగా టార్చి నెగటివ్‌లో ఉండాలి, గ్యాస్ వైరుకైతే పాజిటివ్‌లో. లోపలి కనెక్షన్ మార్చకుండా వైరు మాత్రం మార్చి, మిషన్ బాగోలేదని తిట్టుకోవడం మామూలే. షెడ్డు లోపలి పనికి నా ఓటు గ్యాస్‌కే. కార్బన్ డయాక్సైడ్ చౌక, చొచ్చుకుపోతుంది, చిటపటలాడుతుంది. ఆర్గాన్ కలిపినది నెమ్మదిగా, శుభ్రంగా సాగుతుంది, ధర ఎక్కువ. ఏదైనా నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. ఫ్యాను మాత్రం అతుకు వైపు తిప్పకూడదు, ఆ గాలికి గ్యాస్ చెదిరి అతుకంతా రంధ్రాలవుతుంది. మన ఎండల్లో ఇది చెప్పినంత సులువు కాదు. అలాగని తలుపులు మూసుకోవడమూ పనికిరాదు, ముఖ్యంగా జీఐ పైపుతో. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఉక్కు కరగడానికి ఇంకా చాలా వేడి కావాలి. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది. అతుకు వేసే చోట పూత గీకేసి, తలుపులు తెరిచి పెట్టుకోవాలి.

ఆంపియర్ల మీద మిగిల్చిన డబ్బు మంచి హెల్మెట్‌కూ, పరీక్షకు పాడుచేసే తునక ఇనుముకూ వెళ్లాలి. రెండు ముక్కలను టీ ఆకారంలో ఒకవైపే అతికి, వైస్‌లో బిగించి, అతుకు విచ్చుకునేలా సుత్తితో రెండోవైపు నుంచి కొట్టి వంచాలి. అడుగు ముక్క నుంచి అతుకు శుభ్రంగా లేచొస్తే అది పట్టలేదని అర్థం. వోల్టేజీ, వైరు వేగం రెండూ పెంచి ఇంకోటి వేయాలి. గేటు కీలు, 6 మి.మీ. బేస్ ప్లేటు లాంటి బరువు మోసేవి వచ్చినప్పుడు మిగ్‌తో పంతం అక్కర్లేదు. ఇప్పటి ఇన్వర్టర్ మిషన్లలో చాలావాటికి రాడ్డు పెట్టుకునే వీలూ ఉంటుంది. ఆ పనికి రాడ్డే పెట్టుకోవచ్చు.