మోకాలికి కరెంటు కాదు, కసరత్తు కావాలి

“ఫిజియోథెరపీకి వెళ్తున్నారట కదా, ఏం చేస్తున్నారు?” అని అడిగి చూడండి. మన ఊళ్లలో ఎక్కువగా వినిపించే జవాబు, “పది రోజులు కరెంటు పెట్టించుకోమన్నారు” అనే. మోకాలి చుట్టూ నాలుగు ప్యాడ్లు అంటిస్తారు. జివ్వుమంటూ ఉంటుంది. పావుగంటకు మిషన్ కుయ్‌మంటుంది. చీర సర్దుకుని లేచి, డబ్బులిచ్చి ఇంటికి వచ్చేస్తారు. ఆ మిషన్ నొప్పిని కాసేపు మరిపిస్తుంది, కాదనను. కానీ ఫిజియోథెరపీలో అసలు వైద్యం మిషన్ ఆపాక మొదలవుతుంది. చాలా క్లినిక్కుల్లో సరిగ్గా అక్కడే “రేపు రండి” అంటారు.

ఈ విద్య పుట్టింది కసరత్తులోంచి. 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ అనే కత్తిసాము గురువు వ్యాయామ విద్యాలయం పెట్టి, జబ్బుకు తగిన కదలికలు నేర్పించడం మొదలుపెట్టాడు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు కలిసి మర్దన వైద్యం చేసేవాళ్ల కోసం సంఘం పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవయవాలు దెబ్బతిన్న సైనికులు, ఆ తర్వాత పోలియో సోకిన పిల్లలు ఈ వృత్తిని పెంచి పెద్దచేశారు. మన దేశంలోనూ దారి అదే. 1950ల తొలినాళ్లలో పోలియో పిల్లల కోసమే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఫిజియోథెరపీ చదువు మొదలైంది. దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. పోలియో పోయింది. మోకాళ్లు, భుజాలు, నడుములు, పక్షవాతాలు వరసలోకొచ్చాయి.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి హైన్రిక్ ఫ్రెంకెల్. స్విట్జర్లాండ్‌లోని హైడెన్ అనే ఊళ్లో వైద్యుడు. సిఫిలిస్ ముదిరి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. వాళ్ల కాళ్లలో బలం ఉండేది కానీ అడుగు ఎక్కడ పడుతోందో తెలిసేది కాదు. ఒక రోగిని వేలితో ముక్కు ముట్టుకోమంటే ముట్టుకోలేకపోయాడు. కొన్నాళ్లకు మళ్లీ పరీక్షిస్తే ముట్టుకున్నాడు. జబ్బేమీ తగ్గలేదు. ఎలా సాధ్యమైందని అడిగితే, పరీక్షలో నెగ్గాలని ఇంట్లో సాధన చేశానన్నాడట. ఆ జవాబులోంచే ఫ్రెంకెల్ కసరత్తులు పుట్టాయి. నేల మీద గీసిన గుర్తుల మీద, కళ్లతో చూసుకుంటూ, లెక్క పెట్టుకుంటూ, నెమ్మదిగా పాదం వేయడం. నూరేళ్లు దాటినా ఫిజియోథెరపీ కాలేజీల్లో వాటిని ఇంకా నేర్పుతున్నారు. చేయాల్సింది రోగి, దారి చూపాల్సింది వైద్యుడు అన్న పద్ధతి అందులో ఉంది.

ఇక మోకాలి సంగతి. “గుజ్జు అరిగిపోయింది, ఇక ఎక్కువ నడవకు” అనే సలహా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కీలులోని ఆ మెత్తటి ఎముకకు రక్తనాళాలు లేవు. కీలు ద్రవంలోంచే దానికి ఆహారం అందాలి. బరువు పడినప్పుడు అణిగి, బరువు తీసినప్పుడు తేరుకుంటేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కదలడం మానేస్తే ఆ కాస్త ఆహారమూ కరువే. పైగా నొప్పి అని కాలు కదపకపోతే తొడ ముందు భాగంలోని పెద్ద కండరం వారాల్లోనే సన్నబడుతుంది. అది మోయాల్సిన బరువు మోకాలి మీద పడుతుంది. నొప్పి పెరుగుతుంది, నడక ఇంకా తగ్గుతుంది. ఎక్స్‌రే చూసి భయపడేవాళ్లకు ఇంకో మాట: ఎక్స్‌రేలో అరుగుదలకూ మనిషి పడే నొప్పికీ పొంతన లేని సందర్భాలు ఎన్నో.

మొదట నేర్పే కసరత్తు చూడ్డానికి మరీ చిన్నది. కాళ్లు చాపుకుని, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, మోకాలితో దాన్ని కిందికి అదమాలి. తొడ మీద చెయ్యి వేసి చూస్తే కండరం రాయిలా బిగుసుకోవడం, మోకాలి చిప్ప తొడవైపు జరగడం తెలుస్తాయి. ఐదు సెకన్లు పట్టి వదలాలి, పదిసార్లు. ఇది కుదిరాక మోకాలు వంచకుండా కాలు ఎత్తి దించడం. ఆ తర్వాత అసలైనది: చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మంచి ఫిజియో పక్కన నిలబడి చూసేది ఇక్కడే. లేచేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి ఒరుగుతున్నాయా? బరువంతా బాగున్న కాలు మీదే వేసి, నొప్పి కాలికి పని తప్పిస్తున్నారా? ఊపిరి బిగబడుతున్నారా? బీపీ ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. కూర్చునేటప్పుడు దబ్బున పడిపోతున్నారా? నెమ్మదిగా కూర్చోవడం లేవడమంత పనే. ఎత్తు కుర్చీతో మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ ఎత్తు తగ్గిస్తారు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటే ఫర్వాలేదు. మర్నాడు ఉదయానికి మామూలు స్థితికి రావాలి. రాకపోతే మోతాదు ఎక్కువైందని అర్థం. మానేయనక్కర్లేదు, తగ్గిస్తే చాలు. మాత్రకు మోతాదు ఉన్నట్టే కసరత్తుకూ ఉంటుందన్నది ఎవరూ చెప్పరు. “రోజూ వాకింగ్ చేయండి” అని వదిలేస్తారు.

డెన్మార్క్‌లో 2013 నుంచి మోకాలి, తుంటి అరుగుదల ఉన్నవాళ్లకు ఇదే పనిని పద్ధతిగా చేయిస్తున్నారు. జబ్బు గురించి వివరించే తరగతులు రెండు, పర్యవేక్షణలో కసరత్తు 12 సార్లు. అందులో మిషన్లు లేవు. బరువు తగ్గడం కూడా వైద్యమే. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కాలికి హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడతారు. ప్రేమతో చేసే పనే. కానీ మోకాలు వంగిన స్థితికి అలవాటుపడి, పూర్తిగా చాపుకోవడం రాకుండా పోతుంది. కాలు చాపలేని మనిషి కుంటుతూనే నడుస్తాడు. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టాలి, అప్పుడు మోకాలు తనంతట తాను నిటారు అవుతుంది. వంగడం విషయంలో మన అవసరాలు వేరు. కుర్చీలో కూర్చునే దేశాల పాఠ్యపుస్తకాలకు 110, 120 డిగ్రీలు చాలు. పూజలో బాసింపట్టు వేసుకోవాలన్నా, నమాజులో మోకరిల్లాలన్నా, పొలం గట్టున గొంతుక్కూర్చోవాలన్నా అంతకు మించి కావాలి. “మీరు ఇంట్లో ఎలా కూర్చుంటారు?” అని మొదటి రోజే అడిగిన ఫిజియో పని తెలిసినవాడు.

భుజం పట్టేయడం షుగరు ఉన్నవాళ్లను ఎక్కువగా వేధిస్తుంది. జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు, జాకెట్టు హుక్కు అందదు, ప్యాంటు వెనక జేబులోని పర్సు తీయలేరు. ఇక్కడ ఫిజియో చేతుల పనితనం బయటపడుతుంది. ఆస్ట్రేలియా థెరపిస్టు జెఫ్రీ మైట్‌లాండ్ ఈ చేతి పనిని మెట్లుగా విడదీశాడు. బొటనవేళ్లు కీలుకు దగ్గరగా ఆనించి, భుజం ఎముక తలను గిన్నెలోనే కొన్ని మిల్లీమీటర్ల మేర కిందికో వెనక్కో ఊగిస్తారు. మొదటి రెండు మెట్లలో కీలు బిగుసుకున్న హద్దు జోలికే పోరు, చిన్నగా లయతో కదుపుతారు. అది నొప్పి తగ్గించడానికి. మూడు, నాలుగు మెట్లు ఆ హద్దు దాకా వెళ్లి దాన్ని కాస్త కాస్త జరుపుతాయి. అది బిగుతు వదిలించడానికి. ఏ రోజు ఏ మెట్టన్నది చేతికి తెలియాలి. కీలు చివర తోలు సాగినట్టు ఆగుతోందా, లేక నొప్పికి కండరం ఒక్కసారిగా అడ్డుపడి ఆగుతోందా? రెండోదైతే ఆ రోజు లాగకూడదు. రోగి కేకలు పెడుతున్నా “పంటి బిగువున భరించండి” అంటూ చెయ్యి మెలితిప్పేవాళ్లు ఉన్నారు. అది వైద్యం కాదు. పట్టేసిన భుజం వదలడానికి ఏడాది, రెండేళ్లు కూడా పట్టవచ్చని ముందే చెప్పడం నిజాయితీ.

కొన్ని సమస్యలు మాత్రం నిమిషాల్లో తీరతాయి. పక్కమీద ఒక వైపు తిరిగితే గది గిర్రున తిరగడం, అర నిమిషంలో ఆగిపోవడం చాలామందికి అనుభవమే. మన దగ్గర దీనికి మెడ ఎక్స్‌రే తీసి, “మెడ ఎముకలు అరిగాయి” అని కాలర్ పెట్టేస్తుంటారు. చాలాసార్లు అసలు కారణం లోపలి చెవిలో ఉంటుంది. అక్కడుండే కాల్షియం స్ఫటికాలు చోటు తప్పి అర్ధచంద్ర నాళంలోకి జారతాయి. ఏ చెవి అన్నది తేల్చే పరీక్షను 1952లో డిక్స్, హాల్‌పైక్ వివరించారు. తలను ఒక వైపు 45 డిగ్రీలు తిప్పి, మంచం అంచు దాటి తల కాస్త వేలాడేలా చటుక్కున పడుకోబెడతారు. కళ్లు తెరిచే ఉంచమంటారు. కనుగుడ్లు కొట్టుకుంటే దొరికిపోయినట్టే. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లే 1992లో ప్రచురించిన పద్ధతిలో అక్కడి నుంచి తలను రెండో వైపుకు, తర్వాత ఒళ్లంతా పక్కకు, ఆపై లేపి కూర్చోబెడతారు. ఒక్కో భంగిమలో అర నిమిషం, నిమిషం ఆగాలి. స్ఫటికాలు నాళం వెంట దొర్లి సొంత చోటుకు చేరతాయి. మందు లేదు, మిషన్ లేదు. ఎక్కువమందికి ఒకటి రెండు సార్లతో పోతుంది. తిరుగుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా ఇవేవీ చేయించకూడదు. అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెద్దవాళ్లు తూలడం వేరే కథ. నిలబడ్డానికి మనిషికి కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ కావాలి. షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు మూడోది సగం పోయినట్టే. రాత్రి లైటు వేయకుండా బాత్‌రూమ్‌కి లేస్తే మొదటిదీ పోతుంది. పడకుండా ఏం చేస్తారు! ఇంట్లోనే చూసుకోదగిన పరీక్ష ఒకటుంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే పడిపోయే ముప్పు ఉందని అర్థం. సెకన్ల కంటే తిరిగే తీరు ఎక్కువ చెబుతుంది. చిన్న చిన్న అడుగులతో, గోడ కోసం చెయ్యి చాస్తూ తిరుగుతుంటే పక్కన ఎవరో ఒకరుండాలి.

దీనికీ సాధనే మందు. వంటగట్టు రెండు చేతులతో పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, తర్వాత ఒక చేత్తో, తర్వాత ఒక్క వేలితో. అది కుదిరాక తల అటూ ఇటూ తిప్పుతూ. పెద్దవాళ్లలో కసరత్తు వల్ల పడిపోవడాలు దాదాపు 23 శాతం తగ్గుతాయని 2019లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. చేతికర్ర సంగతి కూడా చెప్పాలి. మనవాళ్లలో చాలామంది నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు. పట్టుకోవాల్సింది రెండో చేత్తో. కుడి మోకాలు నొప్పయితే ఎడమ చేతిలో కర్ర, రెండూ ఒకేసారి ముందుకు. చెయ్యి వేలాడదీసి నిలబడితే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి.

కాలు బెణికితే ఐసు పెట్టి కదలకుండా పడుకోమనే సూత్రం 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. పూర్తి విశ్రాంతీ, అదేపనిగా ఐసూ మానడాన్ని ఆలస్యం చేస్తాయని ఆయనే తర్వాత దిద్దుకున్నాడు. ఇప్పుడు వాపు తీయగానే చీలమండ కదపడం, ఓర్చుకోగలిగినంత బరువు వేయడం మొదలుపెట్టిస్తారు. నాలుగడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ ఎముక మీద నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే ముందు ఎక్స్‌రే తీయించాలి. నాటు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. వెదురు బద్దలో, పిండి కట్టో, ఏది కట్టినా ఎముకను కదలకుండా నిలబెట్టడమే దాని పని. కట్టు విప్పాక బిగుసుకుపోయిన మోచేయి, సన్నబడ్డ పిక్క ఎవరి బాధ్యత? ఎముక అతుక్కుందని సంతోషించి అక్కడితో ఆపేసి, జీవితాంతం వంకర మోచేత్తో మిగిలిపోయినవాళ్లు ఊరికొకరుంటారు.

మిషన్ల మీద నా అభ్యంతరం ఊరికే కాదు. చికిత్సలో వాడే అల్ట్రాసౌండ్ మీద 2001లో రాబర్ట్‌సన్, బేకర్ 35 పరీక్షలు జల్లెడ పడితే పద్ధతిగా జరిగినవి పదే తేలాయి. వాటిలో ఎనిమిదింటిలో, మిషన్ ఆన్ చేసినా ఉత్తుత్తిగా పెట్టినా ఫలితంలో తేడా లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదలకు కసరత్తు అందరికీ ఇవ్వాలనీ, కరెంటు చికిత్సలు ఇవ్వొద్దనీ చెప్పింది. అయినా మన దగ్గర అవే ఎందుకు నడుస్తున్నాయి? ఒక్క మనిషి ముగ్గురికి మిషన్లు తగిలించి వదిలేయవచ్చు. కసరత్తు నేర్పాలంటే ఒక్కరి పక్కనే అరగంట నిలబడాలి. నాలుగేళ్లకు పైగా చదివి వచ్చిన ఫిజియోకు ఇచ్చే జీతాలు చూస్తే ఆ అరగంట దొరకదు. మన తప్పూ ఉంది. మిషన్ పెడితే డబ్బుకు తగ్గ వైద్యం చేశారంటాం, కసరత్తు చెబితే “దీనికా ఇంత ఫీజు?” అని గొణుగుతాం.

కాబట్టి పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టేముందు రెండు మాటలు అడగండి. నా కీలు ఎంత వంగుతోందో, బలం ఎంతుందో ఇవాళ కొలిచి రాసిపెడతారా? రేపటి నుంచి ఇంట్లో నేనేం చేయాలో మీ ఎదుటే చేయించి, తప్పులు దిద్ది పంపిస్తారా? రెండింటికీ అవునంటే అక్కడే చేరండి. మిషన్ వైపు చూపిస్తే ఇంకో క్లినిక్ వెతుక్కోండి.