నొప్పుల వేళ పక్కన ఎవరు?

ఫిల్మ్‌నగర్ తీసిన సినిమాల్లో కాన్పు దాదాపు ఎప్పుడూ ఒకే తీరున జరుగుతుంది. ఉరుములు, మెరుపులు, మూసిన తలుపు వెనక కేక, వరండాలో పచార్లు చేసే మొగుడు, వేణ్ణీళ్లు పట్రమ్మనే ముసలమ్మ. కాస్త కొత్త సినిమా అయితే ఆపరేషన్ థియేటర్ మీద ఎర్రలైటు, గ్లోవ్స్ తీస్తూ బయటికొచ్చే డాక్టరు. నొప్పులు పడే మనిషి దగ్గర గంటల తరబడి కూర్చున్నవాళ్లను మన తెర మీద చూసినట్టు నాకు గుర్తు లేదు. కాన్పు చేయడమనే పనిలో ముప్పాతిక మువ్వీసం ఆ కూర్చోవడమే. 2020లో వచ్చిన ‘పీసెస్ ఆఫ్ ఎ ఉమన్’ సినిమాలో ఇంట్లో జరిగే కాన్పును ఇరవై నిమిషాలకు పైగా తెగని ఒకే షాట్‌లో చూపించారు. ఆ కాన్పు విషాదంగా ముగుస్తుంది, మిడ్‌వైఫ్ కోర్టు బోను ఎక్కుతుంది. అయినా ఆ పని ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది.

ఆ పనిని నేను దగ్గర్నుంచి చూసింది జూబ్లీహిల్స్‌లోనే. మా స్నేహితురాలి కూతురు రెండో కాన్పు ఇంట్లో చేయించుకుంది. మొదటిది ఒక పెద్ద ఆసుపత్రిలో మామూలుగానే అయింది, ఏ చిక్కూ రాలేదు. కానీ నొప్పులు మొదలైన దగ్గర్నుంచి కదలకుండా పడుకోబెట్టారట. వచ్చిన మనిషి మళ్లీ రాలేదు, ప్రతిసారీ కొత్త ముఖమే. భర్తను లోపలికి రానివ్వలేదు. “నొప్పి మర్చిపోయాను పిన్నీ, ఆ సీలింగు మీది ట్యూబులైటే మర్చిపోలేకపోతున్నా. రాత్రంతా దాన్నే చూస్తూ పడుకున్నా” అంది.

ఇంటికి వచ్చినవాళ్లు ఇద్దరు. నర్సింగ్ చదివి, ఆపైన మిడ్‌వైఫరీలో శిక్షణ పొందినవాళ్లు. పెద్దామె సంచి విప్పి డైనింగ్ టేబుల్ మీద ఒక్కొక్కటే సర్దింది. బిడ్డ గుండె వినే డాప్లర్, బీపీ మిషన్, బొడ్డుతాడుకు వేసే క్లిప్పులు, కత్తెర, సెలైన్, చిన్న ఆక్సిజన్ సిలిండర్, ఊపిరి అందని పసిబిడ్డ మూతికి పెట్టి నొక్కే బ్యాగు మాస్కు, ఐస్ డబ్బాలో ఆక్సిటోసిన్ ఇంజెక్షన్లు. “ఇంట్లో కాన్పంటే ఇంత సరంజామానా తల్లీ!” అని ఆ అమ్మాయి అత్తగారు నోరు వెళ్లబెట్టింది. వీటికి తోడు ఒక ఆసుపత్రిలో నెలల ముందే ఫైలు తెరిచి ఉంచారు. కారు ముందే గేటు వైపు తిప్పి పెట్టారు. సాయంత్రం ఏడింటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ట్రాఫిక్ దాటడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా?

ఆ తర్వాత చేసింది కూర్చోవడమే. మిడ్‌వైఫ్ పొట్ట మీద అరచెయ్యి ఆనించి నొప్పి వచ్చిపోయే తీరు చూసేది. పావుగంటకోసారి డాప్లర్‌తో బిడ్డ గుండె వినేది, కాగితం మీద రాసుకునేది. అమ్మాయి నడుస్తానంటే నడిపించింది, గోడకు ఆనుకుంటానంటే నడుం నొక్కింది. తొందర పెట్టే మాట ఒక్కటి కూడా ఆమె నోట నేను వినలేదు. బిడ్డ పుట్టి తల్లి గుండెల మీదికి చేరాక ఇంట్లోవాళ్లంతా ఫోన్లు అందుకుంటే, ఆమె మాయను ట్రేలో పరిచి, లైటు కింద అంచులు తడిమి చూసింది. ఒక్క తునక లోపల మిగిలినా గర్భసంచి సరిగ్గా ముడుచుకోదు, రక్తం ఆగదు. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా రక్తం పారుతుంటుంది. అంటే అక్కడ తేడా వస్తే చేతిలో ఉండేది నిమిషాలే. మన దేశంలో బాలింతల ప్రాణాలు ఎక్కువగా తీసేది ఈ రక్తస్రావమే.

ఈ భయం మన హైదరాబాద్‌కు కొత్తది కాదు. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసిన ఒకామె 1949లో కాన్పులో చనిపోతే, ఆ దుఃఖంలోంచి పుట్టింది రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి. 1953లో మొదలైంది. అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సజీవంగా పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి తెలంగాణలో అది 43కి దిగింది. ఇంటి కాన్పును ముద్దుగా, పాతకాలపు పండగలా రాసేవాళ్లు ఈ రెండు అంకెలూ ఎదురుగా పెట్టుకుని రాయాలి.

ఆసుపత్రులు మరో అంకెకు జవాబు చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. మొత్తం మీద నూటికి దాదాపు 61 సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81 దాటాయి. దేశం సగటు 21.5. పది, పదిహేను శాతానికి మించి అవసరం ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకునే కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి, వాటి వంతు పాపం వాటిదే. కానీ మామూలు కాన్పు కావాలని వచ్చిన మనిషి దగ్గర రాత్రంతా కూర్చునే సిబ్బంది లేకపోతే కత్తే దారి అవుతుంది. ఇంటి కాన్పు మాట ఎత్తే ఆడవాళ్లలో చాలామంది అడుగుతున్నది ఇల్లు కాదని నాకు అనిపిస్తుంది. తెలిసిన ఒక మనిషి, కాస్త వ్యవధి, లేచి తిరిగే స్వేచ్ఛ వాళ్లకు కావాలి.

మరి ఇల్లు క్షేమమా? ఇంగ్లండ్‌లో తక్కువ ప్రమాదం ఉన్న గర్భిణుల మీద చేసి, 2011లో ప్రచురించిన ‘బర్త్‌ప్లేస్’ అధ్యయనం దీనికి సూటిగా బదులిచ్చింది. రెండో కాన్పు, ఆపైవాటికి ఇంట్లో బిడ్డకు అదనపు ప్రమాదం కనిపించలేదు. తొలి కాన్పుకు మాత్రం కొంత ఎక్కువే కనిపించింది. ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని నొప్పుల్లోనో, కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. అక్కడ మిడ్‌వైఫ్, అంబులెన్స్, ఆసుపత్రి ఒకే గొలుసు. మనకు 2005లో ఈ నగరంలోనే పుట్టిన 108 అంబులెన్స్ ఉంది గానీ, ఆ గొలుసులోని మిగతా కొక్కేలు లేవు. అందుకే మన ఊళ్లో, ఇప్పుడున్న ఏర్పాట్లతో, తొలి కాన్పు ఇంట్లో వద్దంటాను. బీపీ, షుగరు ఉన్నవాళ్లు, కవలలు మోస్తున్నవాళ్లు, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నవాళ్లు, ముందు సిజేరియన్ అయినవాళ్లు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. ఇక యూట్యూబ్ చూసి చేసుకునేవాళ్లకు చెప్పేదొక్కటే. 2018 జూలైలో తిరుప్పూర్‌లో ఒక టీచరు అలాగే రక్తం పోయి చనిపోయింది.

ఇంకో సంగతి. జూబ్లీహిల్స్ గుట్ట మీది నుంచి కిందికి దిగితే ఫిల్మ్‌నగర్ బస్తీలు. సెట్లు వేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు ఒక్క గదిలో కాపురాలు చేస్తుంటారు. అక్కడి ఆడపిల్ల కాన్పుకు నీలోఫర్‌కో పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికో వెళ్తుంది. విడి గది, నీళ్లొచ్చే బాత్రూం, గేటు దగ్గర కారు లేని ఇంట్లో ఈ ఎంపిక మాటే రాదు. ఆ అమ్మాయికి మంచి మిడ్‌వైఫ్ దొరకాలంటే ఆ మిడ్‌వైఫ్ సర్కారు దవాఖానాలోనే ఉండాలి.

ఇది గాలిలో మాట కాదు. 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ పూనికతో 2011 నుంచి మిడ్‌వైఫ్‌లను తయారు చేస్తోంది. అదే సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ పొందినవాళ్లను వేరే వార్డులకు తిప్పకుండా లేబర్ రూముల్లోనే ఉంచాలి, వాళ్ల మాటకు విలువ ఇవ్వాలి, వాళ్ల సంఖ్య పెంచాలి.

నెలలు నిండుతున్న కూతురో కోడలో మీ ఇంట్లో ఉంటే, ఈ వారమే ఆసుపత్రికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి పక్కన ఎవరుంటారు? లేచి నడవనిస్తారా? పోయినేడు ఇక్కడ నూటికి ఎన్ని సిజేరియన్లు చేశారు? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే, ఫైలు తీసుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్లండి.