శాసన పాఠము, చరిత్ర నిర్ణయము: జాయిస్ రెనాల్డ్సు కృషి

రోమక చరిత్రకు సంబంధించిన శాసనముల పరిష్కర్తలలో జాయిస్ రెనాల్డ్సు అగ్రగణ్యురాలు. 1918లో జన్మించి, కేంబ్రిడ్జిలోని న్యూన్‌హాం కళాశాలయందు చిరకాలము బోధించి, 2022లో నూటమూడేండ్ల వయస్సున ఆమె దివంగతులైరి. ఆమె దీర్ఘాయువును పలువురు కొనియాడిరి. కాని ఆయుఃపరిమాణము పాండిత్యమునకు ప్రమాణము కాదు. ఆ కాలము శాస్త్రమునకెట్లు వినియోగపడినదో విచారించుటయే విమర్శకుని ధర్మము.

ఆమె శాసనములను ప్రకటించుటతో తృప్తినొందిరే గాని రోమక చరిత్రమును సమగ్రముగా రచింపలేదను ఆక్షేపణ కలుగవచ్చును. 1982లో వెలువడిన 'ఆఫ్రొడిసియాస్ అండ్ రోమ్' అను గ్రంథమే దీనికి సమాధానము. నేటి తుర్కీ దేశమందలి ఆఫ్రొడిసియాస్ నగరపు నాటకశాల గోడపై రోమక ప్రభువుల లేఖలును, సెనేటు సభ తీర్మానమును గ్రీకు భాషలో చెక్కబడియున్నవి. సేమోస్ ద్వీపవాసులు స్వాతంత్ర్యమును కోరగా, ఆఫ్రొడిసియాస్ వారికి దక్క అన్యులకు దానినొసగలేదని ఆగస్టసు నిరాకరించిన లేఖయు అందున్నది. పరులకు వచ్చిన తిరస్కార పత్రమును ఈ పౌరులు తమ గోడపై ఏల చెక్కించిరి? అది తమ గౌరవమును చాటుచున్నది గనుక. కావున ఆ గోడ నగర పత్రములన్నిటి సంచయము గాదు. ఖ్యాతికై ఏరిన పత్రముల కూర్పు. ఇట్టి వివేచనము చరిత్ర రచన కాదనుట యెట్లు?

ఆమె నిర్ణయములన్నియు నిలిచినవని మేము చెప్పము. రాబర్ట్ టానెన్‌బాముతో కలిసి 1987లో ప్రకటించిన యూదుల నామావళి శాసనమును క్రీ.శ. 3వ శతాబ్ది దానిగా వారు భావించిరి. ఆ రాతి రెండు ముఖములును ఏకకాలమున చెక్కబడినవి కావనియు, అవి 4, 5 శతాబ్దులకు చెందుననియు తరువాతి పండితులు ఆమె జీవితకాలముననే వాదించిరి. ఐనను ప్రతివాదులకు సైతము ఆధారమైనది ఆమె ప్రకటించిన పాఠమే. పాఠమును, ఊహను వేరువేరుగా నుంచుటచే కాలనిర్ణయము సడలినను గ్రంథము విలువ తగ్గలేదు.

లిబియాలోని ట్రిపొలిటేనియా శాసనములను వార్డ్‌పెర్కిన్సుతో కలిసి ఆమె 1952లో ప్రకటించిరి. ఆ సంపుటము 2009లో అంతర్జాలమున పునఃప్రకటితమయ్యెను. ఆ దేశమందలిదే యగు సిరెనైకా శాసనముల సంపుటము 2020లో, ఆమెకు నూటొక్క యేండ్లు నిండిన పిదప, తరువాతి తరము పండితుల తోడ్పాటున వెలువడెను. ఇన్నియేండ్లు నిరీక్షించు భాగ్యము అందరికిని లభింపదు. కావున మన శాసన పరిశోధకులు ఆమెనుండి గ్రహింపవలసినది పద్ధతి. కంటికి కనబడిన అక్షరమేదో, ఊహించి పూరించిన అక్షరమేదో విడదీసి చూపినచో, పరిశోధకుడు గతించినను పరిశోధన సాగును.