కొత్త కండెన్సర్లు, పాత గొంతు

చల్లపల్లి చుట్టుపక్కల ఏ పాత పెంకుటింటి అటక మీంచో ఓ మర్ఫీ వాల్వు రేడియో కిందికి దిగిందంటే, దుమ్ము తుడిచి వెంటనే ప్లగ్గులో పెట్టాలని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. ఆ పని మాత్రం చేయకండి. అరవై ఏళ్లు ఓపిక పట్టిన సెట్టు అరనిమిషంలో కాలిపోవచ్చు.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి గొంతు విప్పాక ఈ డెల్టా పల్లెల్లో రేడియో ఇంటి మనిషైంది. పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి మరీ విన్నారు. భక్తిరంజని, నాటకాలు, పొలం కబుర్లు, తుఫాను హెచ్చరికలు అన్నీ అందులోనే. వాటిని పలికించిన వాల్వులు చాలావరకు ఇప్పటికీ పనిచేస్తాయి. ముందుగా ముసలివయ్యేవి కండెన్సర్లే.

ఆనాటి కండెన్సర్ అంటే రెండు లోహపు రేకుల మధ్య కాగితం, పైన మైనం పూత. మైనం బీటలు వారితే కాగితం చెమ్మ పీలుస్తుంది. సముద్రపు గాలి తగిలే మన దివిసీమ, బందరు ప్రాంతాల్లో చెమ్మకు కరువేముంది? అప్పుడు ఆగాల్సిన డీసీ కరెంటు కొద్దికొద్దిగా కారడం మొదలవుతుంది. అన్నిటికన్నా ప్రమాదం అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు ముందుండే కప్లింగ్ కండెన్సర్‌తో. అది కారితే గ్రిడ్డు ప్లస్ వైపు జరుగుతుంది, వాల్వు మోతాదు మించి కరెంటు లాగుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని సన్నతీగ తెగిపోతుంది. కొద్ది రూపాయల భాగం కోసం ఇప్పుడు దొరకని భాగాన్ని పోగొట్టుకోవడం నాకు మహా బాధ కలిగించే సంగతి. అందుకే మొదట దీన్ని మార్చాలి. అదే విలువ గల, 630 వోల్టుల పాలియెస్టర్ కండెన్సర్ చక్కగా సరిపోతుంది.

గుంయ్‌మనే హమ్‌కు కారణం ఎక్కువసార్లు లోపలి రసాయనం ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్లే. 32 మైక్రోఫారడ్లున్న చోట 33 పెట్టాలి. ఎక్కువైతే ఇంకా మంచిదని 220 పెట్టేవాళ్లున్నారు. ఈజెడ్80 వంటి రెక్టిఫయర్ వాల్వు తన వెంటనే ఉండే కండెన్సర్ 50 దాటితే తట్టుకోలేదు. కార్బన్ రెసిస్టర్లను ఒక కాలు విప్పి కొలిచి, విలువ ఇరవై శాతానికి మించి మారితేనే తీసెయ్యాలి. మైకా కండెన్సర్లు బాగుంటే వాటి జోలికి పోవద్దు. ఐఎఫ్ కాయిళ్ల మరలు అసలు తిప్పొద్దు.

అమెరికాలో వర్లిట్జర్, సీబర్గ్ జ్యూక్‌బాక్సుల వాల్వు ఆంప్లిఫయర్లను బాగుచేసేవాళ్లదీ ఇదే పద్ధతి. కొందరు పాత కండెన్సర్ గొట్టాన్ని వెచ్చచేసి, లోపలిది లాగేసి, కొత్తదాన్ని అందులోనే దాచి మళ్లీ మైనం పోస్తారు. ఓపిక ఉంటే మనమూ అలాగే చేయాలి. డొల్ల చేసి బ్లూటూత్ బోర్డు బిగించిన పెట్టెను నేను రేడియో అనను.

కరెంటు ఇచ్చేటప్పుడు అరవై వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టాలి. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టున్నట్టే. లోపల 250 వోల్టుల పైన డీసీ ఉంటుంది కాబట్టి ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లను రెసిస్టర్ ద్వారా డిశ్చార్జి చేయనిదే వేలు పెట్టొద్దు. తీసేసిన భాగాలను, వాటి విలువలు, మార్చిన తేదీ రాసిన కాగితంతో సహా ఓ కవరులో పెట్టి పెట్టె లోపలే ఉంచండి. రేపు దాన్ని విప్పే మెకానిక్కుకు అవి కావాలి.