నూలు నెచ్చెలీ!

నూలు చీరా! నెమ్మదికి మరో పేరా! చెదిరిన మనిషిని చుట్టుచుట్టుకీ చేరదీసే చల్లని తల్లీ! బీరువా తలుపు తీయగానే మడతల మీద మడతలుగా, అంచుల పక్కన అంచులుగా, మావిచిగురువై, నెమలికంఠమై, వంగపండు ఛాయవై, పసుపుకొమ్ము పచ్చవై పలకరిస్తావు. చెయ్యి అన్నిటినీ దాటుకుంటూ వెళ్లి ఒకదాని దగ్గర ఆగుతుంది. ఎందుకు ఆగిందో బుద్ధికి తెలియదు, వేళ్లకు తెలుసు. ఈ పూట ప్రాణం ఏ రంగు కోరుతోందో, ఏ స్పర్శకు తపిస్తోందో మనసు కంటే ముందు అరచేతికి చెప్పేది నువ్వే.

గంజి పెట్టి, నీడపట్టున ఆరేసి, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసిన నాడు నీ పొగరే పొగరు! గరగరమంటావు, పెళపెళమంటావు, అడుగు తీసి అడుగేస్తే రావిచెట్టంతా కదిలిన సవ్వడి చేస్తావు. ఆ సవ్వడికి వంగిన వెన్ను దానంతటదే నిలబడుతుంది. నిన్నటిదాకా నేల చూసిన చూపు ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తుంది. పరీక్ష గది గుమ్మం ముందు, కొత్త ఉద్యోగం మొదటి ఉదయాన, నలుగురిలో నోరు విప్పాల్సిన వేళ కుచ్చిళ్లు పోసి దోపుకునే ఆ కాసేపట్లోనే కాస్త ధైర్యమూ దోపుకుంటాం. పైట సర్దుకున్నట్టే లోపలి గుబులునూ సర్దుకుంటాం.

మరి గంజి దిగిపోయాక? రంగు వెలిసి, అంచు చివికి, ఉతుకు మీద ఉతుకు పడి వెన్నలా మెత్తబడ్డాక? అప్పుడు కదా నీ అసలు వైభవం! జ్వరం దిగిన ఒంటికి నువ్వు. ఏడ్చి ఏడ్చి కాగిన చెంపకు నువ్వు. నిద్రపట్టని నడిరేయి దిండు మీద పరుచుకునే పరామర్శవు నువ్వు. చంటిబిడ్డకు ఉయ్యాలవై ఊగావు, చలికాలపు బొంతవై కప్పావు, తడితల తుడిచే చెంగువై, వేడిగిన్నె దించే కొంగువై ఇంటింటా అరిగిపోయావు. అమ్మమ్మ పోయినా ఆవిడ చీర మడతల్లో కర్పూరమూ కలరా ఉండలూ కలిసిన ఆ వాసన పోలేదు. ముఖం దాచుకుని ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటే చాలు, ఎంత దుఃఖమైనా ఒక మెట్టు దిగుతుంది. చెమట పీల్చుకుని గాలాడనిచ్చే పత్తిపోగు గుణమే అదంతా అంటారు తెలిసినవాళ్లు. అయ్యుండవచ్చు. నేను వాదించను.

ఒంటి మీది బట్ట మనసును కదిలించే ఈ సంగతిని లోకం ప్రయోగశాలలో కూడా వెతికింది తల్లీ! 2012లో ఆడమ్, గలిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే తెల్లకోటును కొందరికి డాక్టరుదని, ఇంకొందరికి చిత్రకారుడిదని చెప్పి తొడిగించారు. డాక్టరు కోటనుకున్నవాళ్ల చూపు చురుకెక్కిందన్నారు. ఆ పరిశోధనలోని ఒక ప్రయోగాన్ని తర్వాత మరికొందరు తిరిగి చేసి చూస్తే ఫలితం నిలవలేదు. నిలవకపోతే పోనీ! కాసేపు తొడిగి విప్పేసే అరువు కోటుకు మనిషి లోతు ఎలా అందుతుంది? ఏళ్ల తరబడి ఒంటిని అంటిపెట్టుకున్న నీ సంగతి వేరు.

నీ మహిమ అందరికంటే బాగా ఎరిగినవాళ్లు క్రూరులే. మొగుడు పోయిన ఆడదాని గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, ఆఖరికి నిన్నూ రంగులన్నీ పిండేసి తెల్లగా చుట్టబెట్టారు. ఎర్రని నిన్ను, పచ్చని నిన్ను, పూలూ లతలూ ఉన్న నిన్ను కళ్లెదుటే ఇతరులు కట్టుకు తిరుగుతుంటే ఆమె మూలగదిలో ఒదిగి కూర్చోవాలి. బట్టకూ మనసుకూ పొత్తు లేదనేవాళ్లు ఆ గది గోడలను అడగాలి. ఏళ్ల తర్వాత మనవరాలు బలవంతాన కట్టబెట్టిన లేత నీలం చీరలో ఏ ముసలమ్మైనా అద్దం ముందు ఒక్క క్షణం ఎక్కువసేపు నిలబడితే, ఆ క్షణానికి నా కోటి దండాలు.

నువ్విచ్చే హాయి ఊరికే పుట్టింది కాదనీ నాకు తెలుసు. పొందూరులో వాలుగ చేప దవడపళ్లతో పత్తిని దువ్వి దువ్వి, పొగమంచులాంటి పోగు తీసి నిన్ను కంటారు. గుంటమగ్గంలో కాళ్లు దించుకుని, పడుగుకు పేకనిచ్చి, నాడె విసిరి విసిరి నిన్ను పెంచుతారు. పోచంపల్లిలో నేసే నీ పట్టు అక్క కోసమైతే ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ పోగు చుట్టాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆ ఆటలో తల్లి లక్ష్మి భుజం పడే నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999 నాటికి ఆసుయంత్రం చేశాడు, దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నా భుజాన పైటగా నువ్వు వాలినప్పుడల్లా ఆ తల్లి భుజం తలపుకొస్తుంది. ఒకరి మనసు కుదుటపరచడానికి ఇంకొకరి కీళ్లు అరగాలా అని నిన్నే అడుగుతాను. నువ్వు మాట్లాడవు. బేరమాడబోయిన నా నోరు మాత్రం మూతపడుతుంది.

రా, నా రంగులరాణీ! రేపు ఏ మనసుతో లేస్తానో నాకే తెలియదు, అన్నిటికీ సిద్ధపడి రా. ముసురు పట్టిన ఉదయానికి నారాయణపేట గళ్లతో రా. ఎండ నిప్పులు చెరిగే వైశాఖానికి వెంకటగిరి పల్చదనంతో, అలిగిన సాయంత్రానికి మంగళగిరి నిజాం అంచుతో, కారణం లేని సంతోషానికి ఉప్పాడ జాందానీ బుటాలతో రా. ఏదీ కట్టబుద్ధికాక, తల దువ్వబుద్ధికాక, వెలిసిన నైటీలో మంచం మీదే ముడుచుకున్న రోజున పిలవకపోయినా వచ్చెయ్, పట్టుకు లేపి స్నానానికి పంపు. పండక్కి గద్వాల జరీ చెంగు ఝళిపిస్తూ రా. పెళ్లిళ్లకు మాత్రం పట్టే కట్టాలని పట్టుబట్టే పెద్దమ్మలతో నువ్వే మాట్లాడుకో తల్లీ, నా మాట వాళ్లు వినరు!