మూడు నిమిషాల గీత

ఆదివారం అనుబంధం వెనక అట్ట నిండా ఓ క్రోనోగ్రాఫ్, అంటే బొత్తాం నొక్కి గడిచిన సమయం కొలుచుకునే వాచీ, ప్రకటన వచ్చింది. ధర వేయలేదు. అలాంటి వాచీలకు వేయరు. ముళ్లు ఎప్పటిలాగే పది గంటల పది నిమిషాల దగ్గర నిలబెట్టారు. అలా పెడితే కంపెనీ పేరు చక్కగా కనిపిస్తుంది, చిన్న డయళ్లకు ఏదీ అడ్డం రాదు. అదే వాచీని మూడింటికి పావుగంట ముందు చూడండి. చిన్న ముల్లు కుడివైపు డయల్ మీద, పెద్ద ముల్లు ఎడమవైపు డయల్ మీద పడుకుని ఉంటాయి. ఆ ఇబ్బంది చాలా క్రోనోగ్రాఫ్‌లకు ఉన్నదే. నాకు కోపం తెప్పించింది వేరే సంగతి. డయల్‌ని జల్లెడలా కోసేసి లోపలి చక్రాలు బయటపెట్టారు. ఆ చక్రాల మీద బూడిద రంగు చిన్న డయళ్లు, వాటిలో బూడిద రంగు అంకెలు, అన్నిటికీ పైన మధ్యలో బోలుగా కోసిన ముళ్లు. అంత పెద్ద ఫొటోలో కూడా నిమిషాల ముల్లు కొస ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

ఈ కాలమ్ చాలాకాలంగా చదువుతున్నవాళ్లకు నా పంతం తెలుసు. బస్టాండు బోర్డైనా, మందు సీసా చీటీ అయినా, వాచీ అయినా ముందు చదవడానికి వీలుండాలి. వెండి రంగు డయల్ మీద వెండి రంగు ముళ్లు పెట్టేవాళ్లతో నాకు ఎన్నేళ్లయినా రాజీ కుదరదు.

ఈ విషయంలో నా పక్షాన నిలిచే పెద్దమనిషి జాక్ హ్యూయర్. స్విస్ వాచీల కుటుంబంలో పుట్టినవాడు. 1958లో ఓ కారు ర్యాలీలో దారీ సమయమూ చూసే బాధ్యత తీసుకుని, డాష్‌బోర్డులో ఉన్న తమ కంపెనీ టైమర్‌నే ఒక నిమిషం తేడాగా చదివాడు. రావలసిన మొదటి స్థానం పోయి మూడోది దక్కింది. తయారుచేసినవాళ్ల ఇంటి పిల్లాడే చదవలేకపోతే తప్పు కళ్లది కాదు, డయల్‌ది. ఆ సంగతి అతను గట్టిగా పట్టుకున్నాడు. 1963లో కరేరా అనే వాచీ తెచ్చాడు. అద్దాన్ని బిగించి పట్టే లోహపు రింగు ఒకటి డయల్ చుట్టూ ఉంటుంది. సెకనులో ఐదో వంతును చూపే గీతలన్నీ డయల్ మీంచి తీసి, ఆ రింగు లోపలి వాలు మీద అచ్చు వేయించాడు. 36 మిల్లీమీటర్ల వాచీలో హఠాత్తుగా చోటు ఏర్పడింది.

అంతకుముందే, 1957లో, ఒమేగా వాళ్లు స్పీడ్‌మాస్టర్‌లో టాకీమీటర్ గీతల్ని డయల్ మీంచి అద్దం చుట్టూ ఉండే బయటి రింగు (బెజెల్) మీదికి పంపేశారు. కిలోమీటరు 30 సెకన్లలో దాటితే గంటకు 120 అని చూపే అంకెలవి. ఆ వాచీకి మొదట పెట్టిన బాణం మొన ముళ్లు చూడ ముచ్చటగా ఉండేవి. కొన్నేళ్లకే వాటిని మార్చి, నల్ల డయల్ మీద తెల్ల రంగు పూసిన సన్నని కడ్డీల్లాంటివి పెట్టారు. 1970లో అపోలో 13 దారి సరిచేసుకోవడానికి ఇంజన్‌ని 14 సెకన్లు మండించినప్పుడు లెక్క చూసింది ఆ వాచీతోనే.

ఇలా చెప్పుకుంటూ పోతే నేను నెత్తిన పెట్టుకోవలసిన క్రోనోగ్రాఫ్ ఒకటుంది. 1970ల చివర్లో వచ్చిన లెమానియా 5100 యంత్రంతో నడిచేది. గడిచిన నిమిషాలను మూలనున్న చిన్న డయల్‌లో వెతకనక్కర్లేదు. వాటి ముల్లు కూడా మధ్యలోనే ఉండి, పూర్తి డయల్ మీద అరవై గీతల చుట్టూ తిరుగుతుంది. జర్మనీ సైన్యం కోసం ట్యూటిమా చేసిన వాచీలో ఉన్నది ఇదే. ఓసారి ఓ మిత్రుడి దగ్గర చేతికి పెట్టుకుని చూశాను. గడిచిన నిమిషాలు గది అవతలి నుంచి కూడా తెలుస్తాయి. అసలు టైమెంత అని చూస్తే మాత్రం మధ్యలో నాలుగు ముళ్లు. ఏది నిమిషాలది, ఏది గడిచిన నిమిషాలది అని ప్రతిసారీ ఒక్క క్షణం తేల్చుకోవాలి.

మా పెద్దనాన్న వాచీలో ఆ గొడవ లేదు. ఆయన సరుకు ఓడల్లో పనిచేసేవారు. విశాఖలో దిగి ఊరికొచ్చినప్పుడు చేతికి సింగపూర్‌లో కొన్న స్విస్ క్రోనోగ్రాఫ్ ఉండేది. వెండి రంగు డయల్, చిన్న డయళ్లూ వెండి రంగే. పెద్ద ముళ్లు మాత్రం నీలి ఉక్కువి. బొంబాయిలో ఉన్న మా అన్నయ్యతో మాట్లాడాలంటే అందరం పోస్టాఫీసుకి వెళ్లి ట్రంక్ కాల్ బుక్ చేసి బెంచీ మీద కూర్చునేవాళ్లం. లైను కలిసిందనగానే ఆయన పై బొత్తాం నొక్కేవారు. కాల్‌కి లెక్క మూడేసి నిమిషాలకు. ఆ వాచీలో నిమిషాల చిన్న డయల్ చూస్తే 3, 6, 9 దగ్గర గీతలు మిగతావాటికంటే పొడుగ్గా ఉండేవి. ఆ కాలపు క్రోనోగ్రాఫ్‌లు చాలావాటిలో అలాగే ఉంటాయి, ఫోన్ మాటలు కొలుచుకోవడం కోసమే. పెద్దమ్మ ఎన్నడూ వాచీ పెట్టుకున్న మనిషి కాదు. రిసీవర్ చెవికి ఆనించుకుని, కళ్లు మాత్రం ఆయన మణికట్టు మీదే ఉంచేది.

"గీత దగ్గరికొచ్చింది, త్వరగా తెముల్చు" అనేవారు పెద్దనాన్న.

"ఇంకా ఒకటుందిగా, కనపడట్లా?" అనేది పెద్దమ్మ. నిజంగానే ఒక నిమిషం ఉండేది.

ఆ చిన్న డయల్‌కి వేరే రంగు లేదు, పెద్ద అంకెలు లేవు. అందులో చదవాల్సింది ఒక్కటే, దాన్ని ఒక్క పొడుగు గీత చెప్పింది. మిగతా సమయమంతా ఆ డయల్ ఉందని కూడా తెలిసేది కాదు. ఆ వాచీ అందం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుందంటే కారణం ఆ నెమ్మదితనమే.

నటుడు పాల్ న్యూమన్ పేరుతో పిలిచే డేటోనా వాచీల డయళ్లను ఇక్కడ ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. తెలుపు మీద నలుపు, నలుపు మీద తెలుపు చిన్న డయళ్లు. కొత్తలో కొనేవాళ్లు లేక షాపుల్లో పడి ఉన్న ఆ రకంలో, ఆయన సొంత వాచీ 2017 వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. చదవడానికి వాటిని మించినవి లేవు. అయినా ఎప్పుడో ఓసారి నొక్కే బొత్తాం కోసం రోజంతా మూడు డయళ్లు గొంతెత్తి అరవడం ఎందుకు? రెండూ నా ముందు పెడితే ఇప్పుడు నేను 1963 నాటి నల్ల కరేరానే తీసుకుంటాను. అందులో చిన్న డయళ్లు కూడా నలుపే.

కాబట్టి ఆదివారం ప్రకటనలో బూడిద మీద బూడిద చిన్న డయళ్లతో నాకు తగాదా లేదు. బోలు ముళ్లతో ఉంది, టైము చెప్పాల్సినవి అవే కనుక. అంతకంటే పెద్ద తగాదా అంచు చుట్టూ ఉన్న సన్న గీతలతో. నేటి యంత్రాలు చాలావరకు గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి. అంటే సెకనుకు ఎనిమిది అడుగులు. అలాంటి వాచీల్లో కూడా సెకనుని ఐదు భాగాలు చేసి గీతలు వేస్తున్నారు, పాతకాలపు 18,000 యంత్రాలకు సరిపోయిన గీతల్ని మక్కీకి మక్కీగా దించి. ముల్లు ఆగితే చాలాసార్లు గీత మీద ఆగదు, పక్కన ఆగుతుంది. లక్షలు పోసి కొన్నవాడికి ఆ గీతలు చెప్పేది అబద్ధం. డయల్ తేటపరచాలనుకునేవాళ్లు ముందు వాటిని చెరిపేయాలి. చిన్న డయళ్ల రంగుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.